టికెట్ మీద మొదటి రోజు రాసిన మాట

జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో మీలో చాలామంది పెట్రోలు కొట్టించుకునే ఉంటారు. హైదరాబాద్‌లో చంచల్‌గూడ వైపు తిరిగేవాళ్లకు ఇది బాగా తెలుసు. కొలత సరిగ్గా ఉంటుందని, రెండు కిలోమీటర్లు ఎక్కువైనా అక్కడికే వెళ్లేవాళ్లు నాకు తెలుసు. అక్కడ నాజిల్ పట్టుకుని నిలబడేవాళ్లలో శిక్ష అనుభవిస్తున్న ఖైదీలు కూడా ఉంటారు. గోడ బయటికి వచ్చి, జనం మధ్య నిలబడి, చేతికి వచ్చిన డబ్బు లెక్కగట్టి, డ్యూటీ అయ్యాక మళ్లీ లోపలికి వెళ్తారు.

ఆ నాజిల్ దాకా రావడానికి జైల్లో చాలా మెట్లు ఎక్కాలి. ప్రతి మెట్టు మీదా ఖైదీకి కొంచెం నమ్మకం దక్కుతుంది. దాంతోపాటు శిక్షలో కొన్ని రోజులు తగ్గుతాయి. నేను రాయాలనుకున్నది ఆ బంకులో కనబడని మనుషుల గురించి. మొదటి మెట్టు దగ్గరే ఆపేసినవాళ్ల గురించి.

నేను పద్దెనిమిదేళ్లుగా క్రిమినల్ లాయర్ని. గత పదకొండేళ్లుగా న్యాయసేవల ప్యానెల్ తరఫున ఒక సెంట్రల్ జైలుకు నెలకు రెండుసార్లు వెళ్తున్నాను. బెయిలు గురించి అడిగేవాళ్లు ఎక్కువ. దేశంలోని జైళ్లలో 2022 చివరికి 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది ఇంకా విచారణ ఖైదీలే. అందుకే అందరి మాటా బెయిలు చుట్టూనే తిరుగుతుంది. శిక్ష పడిపోయినవాళ్లు అడిగేది వేరు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 దగ్గరపడుతున్నప్పుడు, కొందరు ఖైదీల్ని ముందుగా విడుదల చేస్తూ ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వు గురించి వాళ్లు ఒకటే అడుగుతారు. "జీవో వచ్చిందా? అందులో నేను ఉన్నానా?"

ఆ రెండో ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఆ మనిషి జైల్లో ఎలా బతికాడన్న దాని మీద ఆధారపడటం లేదు. లోపలికి వచ్చిన మొదటి రోజు అతన్ని ఏ గంపలో వేశారన్న దాని మీద ఆధారపడుతోంది. నా బాధ అదే.

ముందు కొంచెం లెక్క చెప్పాలి, ఎందుకంటే దీని మీద బయట చాలా అపోహలున్నాయి. యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లు అని మన ఊళ్లలో అందరూ అనుకుంటారు. కాదు. యావజ్జీవమంటే జీవితాంతమేనని సుప్రీంకోర్టు 1961లో గోడ్సే కేసులోనే చెప్పింది (గాంధీ హత్య కేసులో యావజ్జీవం పడ్డ గోపాల్ వినాయక్ గోడ్సే వేసిన కేసు అది). పద్నాలుగు అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందంటే, పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 1978లో చేర్చిన 433-ఏ సెక్షన్ నుంచి. మరణశిక్ష వేయదగిన నేరానికి యావజ్జీవం పడితే, నిజంగా లోపల పద్నాలుగేళ్లు గడిపేదాకా ప్రభుత్వం వదలకూడదని ఆ సెక్షన్ చెప్పింది. ఇప్పుడది కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 475వ సెక్షన్ అయింది. పద్నాలుగేళ్లు గడిస్తే వదిలేయాలని అది చెప్పలేదు. వదలొచ్చో లేదో ఆలోచించడం అప్పుడు మొదలుపెట్టొచ్చని మాత్రమే దాని అర్థం. రాజ్యాంగంలో గవర్నరుకు 161వ అధికరణం, రాష్ట్రపతికి 72వ అధికరణం ఇచ్చిన అధికారాలకు ఈ పద్నాలుగేళ్ల అడ్డు లేదు. పండగ రోజుల్లో వచ్చే జీవోలు సాధారణంగా ఆ 161 కిందే వస్తాయి. తెలంగాణలో 2024 జులైలో 213 మందిని విడుదల చేశారు, వాళ్లలో అత్యధికులు జీవిత ఖైదీలే.

ఇవి పెద్ద తగ్గింపులు. వీటి కింద చిన్న తగ్గింపు ఒకటుంటుంది, దాన్ని లోపల అందరూ రెమిషన్ అనే అంటారు. బుద్ధిగా ఉన్నందుకు నెలకు కొన్ని రోజులు, చెప్పిన పని చేసినందుకు కొన్ని రోజులు. తోటి ఖైదీల మీద పర్యవేక్షణ చూసే బాధ్యత ఇస్తే ఇంకొన్ని ఎక్కువ. ఎన్ని రోజులన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు ఒకరికి నెలకు మూడు రోజులు, బాధ్యత ఉన్న ఇంకొకరికి ఐదు రోజులు వస్తున్నాయనుకుందాం. తేడా నెలకు రెండు రోజులే. పద్నాలుగేళ్లకు లెక్కేస్తే 336 రోజులు. ఇంచుమించు ఒక ఏడాది జీవితం.

ఇప్పుడు ఆ బాధ్యత ఎవరికి ఇస్తారన్నది చూడండి.

ఖైదీ లోపలికి రాగానే అతని పేరు మీద ఒక హిస్టరీ టికెట్ తెరుస్తారు. పేరు టికెట్టే గానీ అది ఆ మనిషి జైలు జాతకం. సెక్షన్, శిక్ష, ఆరోగ్యం, పని, చేసిన తప్పులు, వచ్చిన రెమిషన్ అన్నీ అందులోకే ఎక్కుతాయి. వర్గం కూడా అందులోనే ఉంటుంది. మొదటిసారి వచ్చినవాడా, అలవాటుపడ్డ నేరస్తుడా అన్నది. రెండోదాన్ని లోపల అందరూ ఇంగ్లిష్ మాటతోనే హ్యాబిచువల్ అంటారు. బయట జనానికి జైలు వర్గీకరణ అనగానే ఏ క్లాసు, బీ క్లాసు, మంచం, ఇంటి భోజనం గుర్తొస్తాయి. పేరున్నవాళ్లు అరెస్టయినప్పుడు టీవీల్లో చర్చంతా దాని మీదే. ఆ క్లాసులతో తిండి మారుతుంది, పడక మారుతుంది. ఒక మనిషి ఎప్పుడు ఇంటికి వెళ్తాడన్నదాన్ని మార్చేది మాత్రం ఎవరూ చర్చించని ఈ రెండో వర్గీకరణే.

నేను ఆ జైల్లో బాబాయ్ అని పిలిచే ఒక పెద్దాయన ఉన్నారు. పేరు రాయను. 62 ఏళ్లు. 2003లో యావజ్జీవం పడింది. కల్లు దుకాణం దగ్గర జరిగిన గొడవలో ఒక మనిషి చనిపోయాడు. తాను కొట్టలేదని ఆయన ఏనాడూ అనలేదు. "కొట్టాను తల్లీ, చస్తాడనుకోలేదు" అంటారు. అంతకు ముందు, ఇరవై రెండేళ్ల వయసులో, సైకిలు దొంగతనం కేసులో ఆరు నెలల శిక్ష పడింది. మరో దొంగతనం కేసులో కూడా శిక్ష పడింది గానీ పైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆయనది ఒకప్పుడు బ్రిటిష్‌వాళ్లు నేరస్తుల తెగ అని ముద్రవేసిన కులం.

2003లో ఆయన టికెట్ మీద హ్యాబిచువల్ అని రాశారు. రాసినాయన ఎవరో, పాత కేసుల కాగితాల్లో అప్పీలు తీర్పు చూశారో లేదో, ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఆ మాట మాత్రం అలాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్లలో టికెట్ నిండిపోయి కొత్త కాగితాలు కుట్టిన ప్రతిసారీ ఆ మాటను కూడా కొత్త కాగితం మీదికి ఎత్తి రాశారు.

ఆ ఒక్క మాట వల్ల ఏం జరిగిందో నేను రెండేళ్లు కూర్చుని కాగితాలన్నీ పేర్చుకుంటే గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. గోడ బయట పనులకు పంపలేదు, హ్యాబిచువల్ కాబట్టి. తోటి ఖైదీల బాధ్యత ఇవ్వలేదు, అదే కారణం. అనంతపురంలో, చర్లపల్లిలో ఉన్నలాంటి ఓపెన్ ఎయిర్ జైలుకు, అంటే పొలం పనులు చేసుకుంటూ ఉండే జైలుకు, పేరు పంపలేదు. అక్కడికి వెళ్లినవాళ్ల లెక్క ఇంకా వేగంగా తగ్గుతుంది. పెరోల్ అడిగితే పోలీసు రిపోర్టు బాగా రాలేదు, ఎందుకంటే ఆ రిపోర్టు రాసేవాళ్లు ముందు జైలు వర్గం చూస్తారు. పెరోల్ మీద వెళ్లి బుద్ధిగా తిరిగొచ్చిన చరిత్ర లేదు కాబట్టి ముందస్తు విడుదల దగ్గరికి వచ్చేసరికి నమ్మకం కుదరలేదు. 2017 నాటికే నిజంగా గడిపిన పద్నాలుగేళ్లు దాటిపోయాయి. ప్రతిసారీ ఆయనకు నోటిమాటగా చెప్పింది ఒకటే. "హ్యాబిచువల్ కదా, నీకు రాదు." ఒక్కసారి కూడా కాగితం మీద రాసివ్వలేదు.

ఈ ఇరవై ఏళ్లలో ఆయన ఏం చేశారంటే, మగ్గం నేర్చుకున్నారు. జంపఖానాలు నేస్తారు. కొత్తగా వచ్చే కుర్రాళ్లకు నేర్పుతారు. సంతకం కూడా రాని మనిషి పదో తరగతి ఓపెన్ స్కూల్లో పాసయ్యారు. జైల్లో తప్పు చేసినందుకు టికెట్‌లో ఒక్క శిక్ష కూడా లేదు. ఇవన్నీ కూడా ఆ టికెట్‌లోనే, ఆ మాట ఉన్న కాగితాల పక్క కాగితాల్లోనే ఉన్నాయి. వాటిని ఎవరూ చదవలేదు.

వర్గీకరణే వద్దని నేను అనను. మొదటిసారి వచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ని పది కేసులున్న ముఠా నాయకుడి పక్కన పడుకోబెట్టకూడదు. ఎవరి దగ్గర ఎంత కాపలా కావాలో అధికారులకు తెలియాలి. రాత్రి రెండు వేలమందిని కొద్దిమంది సిబ్బంది చూసుకునే చోట అది ప్రాణాలకు సంబంధించిన విషయం. కానీ ఆ వర్గీకరణ పుట్టిందే ఎవర్ని ఎక్కడ ఉంచాలన్న పని కోసం. దాన్నే తీసుకొచ్చి ఎవర్ని ఎప్పుడు వదలాలన్న ప్రశ్నకు జవాబుగా వాడుతున్నాం. మొదటి రోజున పది నిమిషాల్లో, పోలీసు కాగితాలు చూసి, ఆ మనిషితో సరిగ్గా మాట్లాడకుండా తీసుకున్న నిర్ణయం అది. ఇరవయ్యో ఏడాదిలో ఆ మనిషి ఎలా ఉన్నాడన్నది దానికి ఎలా తెలుస్తుంది?

హ్యాబిచువల్ అన్న మాటకు మన నేల మీద ఒక పాత కథ ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. ఫలానా కులంలో పుట్టడమే నేరానికి రుజువు. 1911 నాటి సవరణ చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గరి స్టువార్టుపురం అలా పుట్టిన ఊరే. అప్పటి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువార్ట్ అనే ఉన్నతాధికారి పేరు పెట్టి, ఎరుకల కుటుంబాల్ని అక్కడ చేర్చి, సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఉంచారు. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు, హాజరు వేయించుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని దేశమంతటా రద్దు చేశారు. రద్దు చేశారు గానీ దాని చోట రాష్ట్రాలు హ్యాబిచువల్ అఫెండర్స్ చట్టాలు తెచ్చుకున్నాయి. మనకు 1962లో వచ్చింది. కులం పేరు తీసేసి అలవాటు అన్న మాట పెట్టారు. పోలీసు స్టేషన్లలో, జైళ్లలో ఆ రెండూ చాలాకాలం ఒకటిగానే నడిచాయి.

ఇది నా ఊహ కాదు. 2024 అక్టోబర్ 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవండి. జర్నలిస్టు సుకన్యా శాంత జైళ్లలో కుల వివక్ష మీద పరిశోధన చేసి వేసిన పిటిషన్ అది. చాలా రాష్ట్రాల జైలు నియమావళుల్ని ధర్మాసనం ముందు పెట్టారు, వాటిలో ఆంధ్రప్రదేశ్ నియమాలు కూడా ఉన్నాయి. ఏ కులంవాళ్లు వండాలి, ఏ కులంవాళ్లు ఊడవాలి అన్న నియమాల మీద పత్రికల్లో బాగా వచ్చింది. నేను రెండు రోజులు పట్టుకుని చదివింది మాత్రం సంచార తెగల గురించిన భాగం. పశ్చిమ బెంగాల్ నియమావళిలో ఒక నియమం ఉంది. ఖైదీల్లోంచి రాత్రి కాపలాకు మనిషిని ఎంచుకునేటప్పుడు, పారిపోయే స్వభావం సహజంగా ఉండే సంచార తెగలవాళ్లు పనికిరారని దాని సారాంశం. సహజంగా అట. పుట్టుకతోనే పారిపోతారట. నేను పైన చెప్పిన మెట్లు గుర్తుచేసుకోండి. కాపలా బాధ్యత లేకపోతే ఆ ఎక్కువ రోజుల రెమిషన్ లేదు. రెమిషన్ లేకపోతే విడుదల తేదీ వెనక్కి జరుగుతుంది. అంటే ఏ అమ్మ కడుపున పుట్టాడన్న దాన్ని బట్టి మనిషి శిక్ష పెరిగింది. జడ్జి గారు వేసిన శిక్ష కాదిది. ఏ తీర్పులోనూ కనబడదు.

ఆ తీర్పులో కోర్టు ఇలాంటి నియమాల్ని కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది. హ్యాబిచువల్ అన్న మాటను రాష్ట్ర శాసనసభ చేసిన చట్టంలో ఉన్న నిర్వచనం ప్రకారమే వాడాలంది. ఆ మాట చదివినప్పుడు నాకు వెంటనే బాబాయ్ గుర్తొచ్చారు. మిగిలింది ఒకే ఒక్క పాత శిక్ష. సైకిలు.

ఇంకో రకం గంప కూడా ఉంది, అది సెక్షన్ నంబరు. జీవో ఎప్పుడు వచ్చినా అందులో ఎవరికి వర్తించదో పెద్ద జాబితా ఉంటుంది. ఫలానా సెక్షన్ అయితే రాదు, ఫలానా రకం హత్య అయితే రాదు. జైల్లో జీవో కాపీ రాగానే అందరూ మొదట చదివేది అర్హతల్ని కాదు, ఈ జాబితానే. నేరం ఘోరమైనదైతే జాగ్రత్త కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఆ నేరం ఎంత ఘోరమైనదో కోర్టు ముందే తూచింది. తూచే యావజ్జీవం వేసింది. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ అదే నేరాన్ని, అదే తక్కెడలో పెట్టి తూస్తే కొత్తగా ఏం తెలుస్తుంది? ఆ ఇరవై ఏళ్లను కదా తూచాల్సింది.

జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టు 2023 సెప్టెంబర్ 21న దాదాపు ఈ మాటే చెప్పింది. కేరళ కేసు అది. ఒక మహిళను హత్య చేసి దోచుకున్నాడన్న నేరానికి శిక్ష పడ్డ మనిషి 26 ఏళ్లకు పైగా లోపలున్నాడు. విడుదలల్ని పరిశీలించే జైలు సలహా మండలి వదలమని ఒకటికంటే ఎక్కువసార్లు సిఫారసు చేసింది. ప్రభుత్వం కాదంది, ఆ రకం నేరాలకు ముందస్తు విడుదల లేదంటూ. జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ దీపాంకర్ దత్తాల ధర్మాసనం వెంటనే వదలమని ఆదేశించింది. ఎప్పుడో చేసిన నేరం పేరుతో మనుషుల్ని మూసల్లో పోసి, ఆ మూసకు మొత్తంగా తలుపు వేసేస్తే, ఆ మనిషి మారాడా లేదా అన్నది చూసే అవకాశమే పోతుందని తీర్పు సారాంశం. నేను చదివిన తీర్పుల్లో నాకు ఎంతో ధైర్యమిచ్చినవాటిలో ఇదొకటి.

అయితే అన్ని గంపలూ జీవోల్లోనే ఉండవు. కొన్ని చట్టంలోనే ఉన్నాయి. మన రాష్ట్రంలో ఎక్కువమందిని తాకేది మాదకద్రవ్యాల చట్టం, ఎన్‌డీపీఎస్. దానిలో 32-ఏ అనే సెక్షన్ ఉంది. ఈ చట్టం కింద పడిన శిక్షలో, 27వ సెక్షన్ కింద అంటే వాడకం కేసుల్లో తప్ప, తగ్గింపు ఉండకూడదని అది చెబుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక తల్లి గురించి చెప్తాను. చింతపల్లి వైపు కొండ ఊరు. తెల్లవారుజామునే బయల్దేరి, రెండు బస్సులు మారి ములాఖత్‌కు వస్తుంది. కొడుక్కి పంతొమ్మిదేళ్లప్పుడు కేసు. అడ్డదారిన మూట మోసినందుకు కొన్ని వేలు ఇస్తామన్నారు. ఆ మూట ఎవరిదో కుర్రాడికి తెలియదు. దొరికింది మూట మోసినవాడే, మూట సొంతదారు కాదు. తూస్తే 22 కిలోలు.

గంజాయి 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. కనీసం పదేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఇరవై, కనీసం లక్ష రూపాయల జరిమానా. కిలో లోపు చిన్న పరిమాణం, ఏడాది దాకా శిక్ష. మధ్యలో ఉన్నదానికి పదేళ్ల దాకా వేయొచ్చు గానీ కనీసం ఇంత అని లేదు, జడ్జి మనిషిని చూసి తగ్గించొచ్చు. కాబట్టి 19 కిలోలకూ 22 కిలోలకూ మధ్య మూడు కిలోల్లో ఒక కుర్రాడి యౌవనం ఉంది. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. కొనలతో లేకపోతే ఆకులు, గింజలు లెక్కలోకి రావు. గోనెసంచీతో సహా తూచారా, ఆకుల్ని వేరుచేశారా అని విచారణలో గట్టిగా అడగాల్సింది. కేసు నా దగ్గరికి వచ్చేసరికి శిక్ష పడిపోయింది. అప్పీలులో అడుగుతున్నాం.

"అందరికీ రోజులు తగ్గుతున్నాయంట కదా లాయరమ్మా, మావాడు ఏ గొడవకీ పోడు. మావాడికెందుకు తగ్గవు?" అని ఆమె అడిగింది. నేను 32-ఏ గురించి చెప్పాను. అర్థమయ్యేలా చెప్పాననే అనుకున్నాను. ఆమె అంతా విని, "అయితే మనిషిని చంపినోడు మావాడికంటే ముందు పోతాడా?" అంది.

ఆమెకు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. లెక్కకు లెక్క చూస్తే ఆమె అన్నది జరుగుతుంది. హత్య కాని కొట్లాట మరణానికి పదేళ్లు పడ్డ మనిషికి ఏడాదికి రెండు నెలల చొప్పున తగ్గినా, దాదాపు ఎనిమిదిన్నరేళ్లకు బయటికి వస్తాడు. మూట మోసిన కుర్రాడు పదేళ్లూ ఉంటాడు, జరిమానా కట్టలేకపోతే ఆపైన ఇంకొంత. మాదకద్రవ్యాల వల్ల మన పిల్లలు పాడైపోతున్నారన్నది నాకు తెలుసు, నాకూ కాలేజీకి వెళ్లే కొడుకున్నాడు. అయినా ఏజెన్సీ కుర్రాడూ, వాడితో మూట మోయించిన వ్యాపారీ ఒకే గంపలో పడటం, ఆ గంప మీద మూత వేసి మేకులు కొట్టడం న్యాయమని నేను ఒప్పుకోలేను.

ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న దగ్గరికి వస్తాను. మరి బిల్కిస్ బానో కేసు?

2002 గుజరాత్ అల్లర్లలో జరిగిన సామూహిక అత్యాచారం, హత్యల కేసు అది. 2022 ఆగస్టు 15న ఆ కేసులో పదకొండు మంది దోషుల్ని గుజరాత్ ప్రభుత్వం వదిలింది. 1992 నాటి పాత విధానం కింద వదిలింది, ఎందుకంటే 2014 కొత్త విధానంలో అత్యాచారం కేసులకు ముందస్తు విడుదల లేదు. ఆ రోజు టీవీలో వాళ్లకు దండలు వేసి మిఠాయిలు తినిపించడం చూసి నేను భోజనం ముందు నుంచి లేచిపోయాను. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను కొట్టేసి, రెండు వారాల్లో లొంగిపొమ్మన్నప్పుడు కన్నీళ్లు ఆగలేదు. ఇదంతా రాస్తున్న మనిషినే, ఆ తీర్పును మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

మా ఆఫీసులో జూనియర్ అడిగింది. "మేడమ్, సెక్షన్‌ని బట్టి తలుపు వేయకూడదంటారు కదా, ఇక్కడ వేసి ఉంటే ఇది జరిగేది కాదు కదా?" నిజాయితీ గల ప్రశ్న. నేను చాలా రోజులు ఆలోచించాను. ఆ కేసులో జరిగిన తప్పు మనుషుల్ని విడివిడిగా చూడటం వల్ల జరగలేదు. చూడకపోవడం వల్ల జరిగింది. విచారణ ముంబైలో జరిగింది కాబట్టి నిర్ణయం తీసుకోవాల్సింది మహారాష్ట్ర ప్రభుత్వం, గుజరాత్ కాదు. ముంబై ప్రత్యేక జడ్జి వద్దన్నారు. సీబీఐ వద్దంది. గోధ్రాలో కూర్చున్న జైలు సలహా కమిటీ అందర్నీ ఒకే ఊపులో సరేనంది. పదకొండు మందినీ ఒకే గంపలో వేసి వదలడం అది. గంపలో వేసి ఆపడానికీ, గంపలో వేసి వదలడానికీ నాకు పెద్ద తేడా కనబడటం లేదు. రెండు చోట్లా మనిషిని చూడలేదు, బాధితురాలి మాట అడగలేదు.

మన రాష్ట్రంలోనే ఇంకో పాఠం ఉంది. ఏపూరు సుధాకర్ కేసు, 2006. ఒక రాజకీయ కార్యకర్తకు పడ్డ పదేళ్ల శిక్షలో మిగిలిన దాదాపు ఏడేళ్లను గవర్నర్ పేరుతో రద్దు చేశారు. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అధికారుల నివేదికలో ఆ వ్యక్తి మంచి పార్టీ కార్యకర్త అని రాయడాన్ని కోర్టు గట్టిగా తప్పుపట్టింది. కులం, మతం, పార్టీ చూసి క్షమాభిక్ష ఇవ్వకూడదని చెప్పింది. ఇది కూడా వర్గీకరణే. ఏ నియమావళిలోనూ రాసి ఉండదు, అయినా తలుపు తెరుస్తుంది. బాబాయ్ గురించి పోలీసు రిపోర్టు రాసినట్టే ఆయన గురించీ రాశారు. ఒకరికి వచ్చిన మాట మంచి కార్యకర్త, ఇంకొకరికి వచ్చిన మాట హ్యాబిచువల్.

మనిషిని చూడటం ఎలాగో తెలియక కాదు. 2000లో లక్ష్మణ్ నస్కర్ కేసులోనే సుప్రీంకోర్టు ఏమేం చూడాలో చెప్పింది. ఆ నేరం సమాజం మొత్తాన్ని తాకేదా, ఇద్దరి మధ్యదా? మళ్లీ చేసే అవకాశం ఉందా? నేరం చేసే శక్తి ఇంకా మిగిలి ఉందా? ఇంకా లోపల ఉంచడం వల్ల ప్రయోజనమేమైనా ఉందా? ఇంటి పరిస్థితి ఏమిటి? ఈ ప్రశ్నలు టికెట్ చూసి జవాబు చెప్పేవి కావు. వెళ్లి కూర్చుని మాట్లాడితే గానీ తెలియవు. 2022లో రాంచందర్ కేసులో, శిక్ష వేసిన కోర్టు జడ్జి అభిప్రాయం కూడా కారణాలతో ఉండాలని, యాంత్రికంగా ఒక్క ముక్క రాస్తే చాలదని చెప్పింది.

2025 ఫిబ్రవరి 18న వచ్చిన మరో తీర్పు నా పనిని నేరుగా మార్చింది. ముందస్తు విడుదలకు విధానమున్న రాష్ట్రంలో ఖైదీ దరఖాస్తు పెట్టేదాకా ఆగక్కర్లేదు, అర్హత రాగానే ప్రభుత్వమే పరిశీలించాలి. కాదంటే క్లుప్తంగానైనా కారణాలు రాయాలి. ఆ కాగితం ఖైదీ చేతికి చేరాలి. దాన్ని సవాలు చేసే హక్కు ఉందని కూడా అతనికి చెప్పాలి. ఇది చిన్న విషయంగా కనబడొచ్చు. ఇరవై ఏళ్లు నోటిమాట విన్న మనిషికి కాగితం చేతికి రావడం ఎంత పెద్దదో నేను చూశాను. "నీకు రాదు" అన్న మాటతో వాదించలేం. కారణం రాస్తే అది తప్పని చూపించొచ్చు.

నేను కోరేది ఇంతే. వర్గం అన్నది ఎంత జాగ్రత్తగా పరిశీలించాలో చెప్పాలి, పరిశీలించాలా వద్దా అన్నది చెప్పకూడదు. ఘోరమైన నేరమైతే ఇంకో రెండు కళ్లు పెట్టండి, మానసిక నిపుణుల్ని పిలవండి, బాధితుల ఇంటికి వెళ్లి అడగండి. నేను ఒక హత్య కేసులో చనిపోయినాయన భార్యను కలిశాను. వదలొద్దని ఆమె చెప్పలేదు, వదలమనీ చెప్పలేదు. "మమ్మల్ని అడిగారు, అది చాలమ్మా" అంది. మొదటి రోజు రాసిన వర్గాన్ని ఐదేళ్లకోసారైనా మళ్లీ చూడండి, తప్పయితే కొట్టేయండి. 32-ఏను పార్లమెంటు మార్చేదాకా, మూట మోసిన కుర్రాళ్ల విషయంలో గవర్నర్ అధికారాన్నైనా ఒక్కొక్కరి ఫైలు చూసి వాడండి. ఆ అధికారం రాజ్యాంగానిది, దాన్ని ఏ చట్టమూ తీసేయలేదు.

సుకన్యా శాంత తీర్పు వచ్చిన తర్వాతి వారం నేను బాబాయ్ దగ్గరికి వెళ్లాను. హ్యాబిచువల్ గురించి కోర్టు చెప్పిన భాగాన్ని రెండు పేజీల్లో తెలుగులో రాసి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, వేలు పెట్టి వరస వరసా చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు. తర్వాత అడిగారు.

"తల్లీ, ఇది కొత్తగా వచ్చేవాళ్లకేనా? పాత టికెట్లకి కూడానా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రమే దరఖాస్తు రాశాను. సైకిలు కేసు తీర్పు, రెండో కేసులో శిక్ష కొట్టేసిన అప్పీలు తీర్పు జతచేశాను. ఆ వర్గం సవరించమని మొదటి కోరిక, సవరించాక ముందస్తు విడుదలను కొత్తగా పరిశీలించమని రెండో కోరిక. 2025 తీర్పు వచ్చాక దాన్ని కూడా చేర్చి మళ్లీ పంపాను. కాదంటే కారణాలు రాసివ్వమని అడిగాను. రసీదు కాపీ బాబాయ్ దగ్గరే ఉంది, మగ్గం పక్కన రేకుపెట్టెలో. ఈ నెల వెళ్లినప్పుడు ఇంకా ఏ కాగితమూ రాలేదని చెప్పారు. వచ్చే నెల రెండో శనివారం మళ్లీ వెళ్తున్నాను. అప్పటికీ రాకపోతే హైకోర్టులో వేయడానికి పిటిషన్ టైపు చేసి ఉంచాను. వకాలత్‌నామా మీద ఆయన సంతకం తీసుకోవడమొక్కటే మిగిలింది.